బరువు లాగే బండికి గేర్‌బాక్స్ ఎందుకు వేడెక్కుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నగరానికి తూర్పు శివారున లాల్‌ఖదాన్ ఉంది. ఎర్ర గని అని ఆ పేరుకు అర్థం. హౌరా–ముంబై ప్రధాన రైలు మార్గం దీని పక్క నుంచే పోతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి రైల్వే కొలువుల కోసం వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పట్టాల చప్పుడు కొత్త కాదు. 2003 నుంచి ఈ నగరం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం కూడా.

కోర్బా వైపు నుంచి బొగ్గు నింపుకుని వచ్చే గూడ్సు రైలు సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలే దృశ్యాన్ని ఒకసారి గమనించండి. ముందు ఇంజన్ దగ్గర చిన్న కదలిక, తర్వాత ఒక్కో వ్యాగన్ కప్లింగ్ బిగుసుకుంటున్న చప్పుడు, చివరికి రైలంతా నత్తనడకన ముందుకు సాగడం. ఇంజన్‌కు అసలు పరీక్ష ఈ మొదటి రెండు మూడు నిమిషాలే. పరుగు అందుకున్నాక పని తేలికవుతుంది. బురదలో దిగబడిన ఎడ్లబండిని కదిలించిన వారెవరికైనా ఈ సంగతి తెలుసు.

పట్టాల పక్క రోడ్డు మీద, జనరేటర్‌నో కాంక్రీట్ మిక్సర్‌నో వెనక తగిలించుకుని ఎత్తు ఎక్కే డీజిల్ పికప్ ట్రక్కుకూ ఇదే పరీక్ష. దాని ఇంజన్ సామర్థ్యం 150, 160 హార్స్‌పవర్ ఉండొచ్చు. అయినా చాలా బళ్లు ఎత్తు మీద చతికిలబడటానికి కారణం ఇంజన్ బలహీనత కాదు. ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య ఉన్న ట్రాన్స్‌మిషన్ వేడెక్కి చేతులెత్తేస్తుంది. ఆటోమేటిక్ గేర్లున్న బండిలో ఇది ఇంకా ఎక్కువ. ఎక్కువ బరువు లాగడానికి ట్రాన్స్‌మిషన్‌ను మెరుగుపరచాలంటే ముందు ఆ వేడి ఎక్కడ పుడుతోందో తెలియాలి.

ఆగిన చక్రం, తిరిగే ఇంజన్

డీజిల్ ఇంజన్‌కు ఒక పుట్టు లోపం ఉంది. ఆగి ఉన్నప్పుడు దానికి బలమే ఉండదు. నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లయినా తిరుగుతుంటేనే అది బతికి ఉంటుంది. మంచి తిప్పుడు బలం, అంటే టార్క్, సుమారు 1,500 చుట్ల తర్వాత గానీ అందదు. కానీ బండి కదిలే క్షణంలో చక్రం వేగం సున్నా. ఒక వైపు తిరుగుతున్న ఇంజన్, మరో వైపు ఆగిన చక్రం. ఈ రెండింటినీ నేరుగా బిగిస్తే ఇంజన్ ఆగిపోతుంది. కాబట్టి మధ్యలో ఏదో ఒకటి జారాలి.

చేతితో గేర్లు వేసే బండిలో జారేది క్లచ్ ప్లేటు. డ్రైవర్ పెడల్‌ను మెల్లగా వదులుతున్నంత సేపూ ఆ ప్లేటు రుద్దుకుంటుంది. రుద్దుకుంటే వేడి పుడుతుంది. ఎత్తు మీద బరువుతో బండిని ముందుకూ వెనక్కూ ఆడిస్తే వచ్చే కమురు వాసన దాని నుంచే.

ఆటోమేటిక్ బండిలో ఆ జారే పనిని నూనెకు అప్పగించారు. టార్క్ కన్వర్టర్ అనే ఈ పరికరానికి మూలం జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పొందిన పేటెంట్. అప్పట్లో ఆయన ష్టెటిన్‌లోని ఒక నౌకా నిర్మాణ కేంద్రంలో పనిచేసేవారు. ఓడల్లోని ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరగాలి, నీళ్లను తోసే ప్రొపెల్లర్ నిదానంగా తిరగాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి ఆయన ద్రవాన్ని వాడారు.

కన్వర్టర్ చూడటానికి మూసేసిన బూరె ఆకారంలో ఉండే ఉక్కు డొల్ల. లోపల నూనె నిండి ఉంటుంది. ఇంజన్‌కు బిగించిన రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. అది తిరుగుతూ నూనెను విసిరికొడుతుంది. ఆ నూనె ఎదురుగా ఉన్న మరో రెక్కల చక్రాన్ని, అంటే టర్బైన్‌ను, తాకి తిప్పుతుంది. టర్బైన్ నుంచే గేర్లకు కదలిక అందుతుంది. ఇంతవరకే అయితే అది ఒక నూనె క్లచ్ మాత్రమే. అసలు తెలివి మూడో భాగంలో ఉంది. టర్బైన్‌ను తాకి వెనక్కి వచ్చే నూనె ఇంపెల్లర్‌కు ఎదురు దిశలో తిరుగుతూ ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంపెల్లర్‌కే అడ్డు తగులుతుంది. మధ్యలో కదలకుండా నిలబడే స్టేటర్ అనే రెక్కల చక్రం ఆ నూనె దిశను మళ్లించి, ఇంపెల్లర్ తిరిగే వైపుకే పంపుతుంది. ఫలితంగా టర్బైన్ మీద ఇంజన్ ఇచ్చిన దానికన్నా ఎక్కువ టార్క్ పడుతుంది. బండి కదిలే క్షణంలో ఇది దాదాపు రెండింతలు. టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగానికి దగ్గరయ్యే కొద్దీ ఈ లాభం తగ్గి చివరికి పోతుంది.

అందువల్లే ఆటోమేటిక్ బండి ఎత్తు మీద వెనక్కి జారకుండా మెత్తగా కదులుతుంది. కానీ ఈ మెత్తదనం ఊరికే రాదు.

ఐదున్నర కిలోవాట్లు

ఒక లెక్క చూద్దాం. పికప్, దాని ట్రెయిలర్ కలిపి 3,500 కిలోలు. పది మీటర్లు వెళితే ఒక మీటరు లేచే తారు రోడ్డు. భూమి వెనక్కి లాగే బలం సుమారు 3,400 న్యూటన్లు. టైర్లు దొర్లడానికి మరో 500 న్యూటన్లు. మొత్తం దాదాపు 4,000 అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర కావలసిన సామర్థ్యం 22 కిలోవాట్లు. అంటే 30 హార్స్‌పవర్. 160 హార్స్‌పవర్ ఇంజన్‌కు ఇది ఐదో వంతు పని కూడా కాదు!

ఇప్పుడు కన్వర్టర్ దక్షత 80 శాతం ఉందనుకుందాం. రెండో గేరులో బరువుతో ఎక్కుతున్నప్పుడు అంతకన్నా మెరుగ్గా ఉండటం కష్టమే. చక్రాలకు 22 కిలోవాట్లు చేరాలంటే కన్వర్టర్‌లోకి ఇరవై ఏడున్నర పోయాలి. మిగిలిన ఐదున్నర కిలోవాట్లు నూనెలోనే వేడిగా మారతాయి. ఇళ్లలో బకెట్ నీళ్లు కాచుకునే 1,500 వాట్ల హీటర్ కడ్డీలు దాదాపు నాలుగు ఒకేసారి గేర్‌బాక్స్ నూనెలో ముంచినట్టు. అలాంటి గేర్‌బాక్స్‌లో ఉండే నూనె సుమారు ఎనిమిది లీటర్లు. నూనె విశిష్టోష్ణం నీటిలో సగమే కాబట్టి త్వరగా వేడెక్కుతుంది. చల్లార్చే ఏర్పాటు లేకపోతే నిమిషానికి 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది.

నిదానంగా ఎక్కితే వేడి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అదే రోడ్డు మీద, లారీ వెనక చిక్కుకుని గంటకు 5 కిలోమీటర్లతో పాకుతున్నారనుకుందాం. చక్రాలకు అందే సామర్థ్యం నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ టర్బైన్ బాగా వెనకబడటం వల్ల కన్వర్టర్ దక్షత కూడా 60 శాతానికి దిగిందనుకుంటే, వేడి రూపంలో పోయేది ఇంకా 3.7 కిలోవాట్లు. చేసే పని నాలుగో వంతు, పుట్టే వేడి మూడింట రెండు వంతులు. పైగా ఆ వేగంలో కూలర్ మీదికి గాలి కూడా సరిగా తగలదు. ఇక బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ తోనే బండిని ఎత్తు మీద నిలబెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అప్పుడు చక్రం తిరగడం లేదు కాబట్టి కన్వర్టర్ దక్షత సున్నా. ఇంజన్ ఇచ్చేదంతా నూనెను కాచడానికే.

ట్రాన్స్‌మిషన్ నూనెకు 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ హాయైన చోటు. అది దాటాక ప్రతి 10 డిగ్రీలకూ నూనె ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది మెకానిక్కులు పాటించే మోటు లెక్క. 120 దాటితే నూనెలోని పదార్థాలు మారిపోయి లోపలి సన్నని దారుల్లో జిగురు పొరలా పేరుకుంటాయి. ఇంకా పైకి పోతే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. సీళ్లు గట్టిపడితే పీడనం కారిపోతుంది. పీడనం తగ్గితే క్లచ్ ప్లేట్లు జారతాయి. జారితే మళ్లీ వేడి. అక్కడి నుంచి గేర్‌బాక్స్ చెడటానికి ఎక్కువ కాలం పట్టదు.

బిలాస్‌పూర్ లాంటి చోట మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నూనె 95 డిగ్రీల దగ్గర ఉంటే, 25 డిగ్రీల శీతాకాలపు గాలికీ దానికీ తేడా 70. మే నెలలో తేడా 50. కూలర్ వదిలించే వేడి ఈ తేడా మీదే ఆధారపడుతుంది. అంటే అదే కూలర్ ఎండాకాలంలో దాదాపు 30 శాతం తక్కువ పనిచేస్తుంది. చలిదేశంలో రాసిన సలహాలు ఇక్కడ యథాతథంగా పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

గుత్తి షెడ్డులోని ఎనిమిది ఇంజన్లు

పికప్ ముందున్న ఈ చిక్కును రైల్వే ఇంజనీర్లు అంతకు ఎన్నో రెట్లు పెద్ద కొలతలో దశాబ్దాల కిందటే ఎదుర్కొన్నారు. వాళ్లు ప్రయత్నించిన దారుల్లో ఒకటి అచ్చంగా ఆటోమేటిక్ గేర్‌బాక్సే.

1970లో జర్మనీలోని హెన్షెల్ సంస్థ నుంచి భారతీయ రైల్వే ఎనిమిది డీజిల్ ఇంజన్లు తెప్పించింది. వాటికి డబ్ల్యూడీఎం-3 అని పేరు. అనంతపురం జిల్లా గుత్తి డీజిల్ షెడ్డు వాటి స్థావరం. ఒక్కొక్కటి 2,500 హార్స్‌పవర్. అందులోని మెకిడ్రో ట్రాన్స్‌మిషన్‌లో ఎప్పుడూ నూనె నిండి ఉండే ఒక టార్క్ కన్వర్టర్, దాని వెనక తనంతట తానే మారే నాలుగు గేర్లు ఉండేవి. ఇవాళ్టి పికప్‌లో ఉన్న అమరికకు ఇది పెద్దన్న లాంటిది. కరెంటు మోటార్లు లేవు కాబట్టి ఇంజన్ బరువు తగ్గేది. కానీ ఎనిమిదితోనే ఆ ప్రయోగం ఆగింది. రైల్వే మిగతా చోట్ల అంతకు ముందే వేరే దారి పట్టింది.

మన దేశంలోనే పుట్టిన మరో ఆలోచన సూరి ట్రాన్స్‌మిషన్. రైల్వే ఇంజనీరు మన్ మోహన్ సూరి దీని రూపకర్త. ఆయనకు 1962లో ఇంజనీరింగ్‌లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది. తర్వాత దుర్గాపూర్‌లోని కేంద్ర యాంత్రిక ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా ఉన్నప్పుడు స్వరాజ్ ట్రాక్టర్ రూపకల్పన కూడా అక్కడే జరిగింది. సూరి ఆలోచన ఇది: కన్వర్టర్ వల్ల లాభం బండి కదిలేటప్పుడే. కదిలి వేగం అందుకున్నాక అది నష్టమే తప్ప లాభం ఇవ్వదు. కాబట్టి కదలడానికి నూనె దారి, పరుగుకు నేరుగా యాంత్రిక దారి. చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 తరగతి షంటింగ్ ఇంజన్లలో ఈ ట్రాన్స్‌మిషన్‌ను వాడారు. ఇవాళ టార్క్ కన్వర్టర్ ఉన్న దాదాపు ప్రతి ఆటోమేటిక్ బండిలోనూ ఉండే లాక్-అప్ క్లచ్ చేసేది కూడా ఈ పనే. వేగం కుదరగానే ఇంపెల్లర్‌నూ టర్బైన్‌నూ ఒకటిగా బిగించేస్తుంది. జారుడు ఉండదు, ఆ జారుడు వల్ల వచ్చే వేడీ ఉండదు.

రైల్వే ఎంచుకున్న పెద్ద దారి మాత్రం విద్యుత్ ట్రాన్స్‌మిషన్. డీజిల్ ఇంజన్ ఒక జనరేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటు ఇరుసుల దగ్గరున్న ట్రాక్షన్ మోటార్లకు వెళుతుంది. ఇంజన్‌కూ చక్రానికీ మధ్య గట్టి బంధమే లేదు కాబట్టి ఒకటి తిరుగుతుంటే మరొకటి ఆగి ఉన్నా ఇబ్బంది లేదు. 1962లో అమెరికాలోని ఆల్కో సంస్థ నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 ఈ పద్ధతిలో నడిచింది. 2,600 హార్స్‌పవర్ ఇంజన్, ఆరు డీసీ మోటార్లు. వేగం పెరిగే కొద్దీ ఆ మోటార్ల కలయికను సిరీస్ నుంచి ప్యారలల్‌కు మార్చేవారు. రైలు ప్రయాణికులకు తెలియకుండా జరిగే గేరు మార్పిడి అన్నమాట.

అయితే వేడి ఇక్కడా వదల్లేదు. డీసీ మోటారులో కరెంటు కార్బన్ బ్రష్షుల ద్వారా కమ్యుటేటర్ అనే రాగి పట్టీల మీదుగా లోపలికి పోతుంది. బరువైన రైలును మెల్లగా లాగుతున్నప్పుడు కరెంటు విపరీతంగా ప్రవహిస్తుంది. వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అందుకే ఇంత కరెంటుతో ఇన్ని నిమిషాలే లాగాలి అన్న హద్దులు ఉండేవి. లోకో పైలట్ కన్ను ఎత్తు మీద ఎప్పుడూ అమ్మీటరు ముల్లు మీదే. పికప్ డ్రైవర్‌కు నూనె ఉష్ణోగ్రత గేజ్ ఎంతో, ఆయనకు ఆ ముల్లు అంత.

మార్పు 1999లో వచ్చింది. అమెరికాకు చెందిన ఈఎండీ రూపొందించిన డబ్ల్యూడీజీ-4 దిగుమతి అయింది. తర్వాత వారణాసిలోనే తయారీ మొదలైంది. అందులో ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటును ముందు డీసీగా మార్చి, ఇన్వర్టర్లతో కావలసిన పౌనఃపున్యం గల మూడు ఫేజుల ఏసీగా చేసి, ఇండక్షన్ మోటార్లకు అందిస్తారు. ఆ మోటార్లకు బ్రష్షులు లేవు, కమ్యుటేటర్ లేదు. తిరిగే భాగంలో ఉండేవి కడ్డీల పంజరం లాంటి అమరిక మాత్రమే. దాన్ని ఎక్కువసేపు ఎక్కువ భారంతో నడిపినా తట్టుకుంటుంది. పైగా చక్రం పట్టా మీద జారబోతున్న క్షణాన్ని గుర్తించి, ఇన్వర్టర్ వెంటనే బలాన్ని సరిచేస్తుంది.

తేడా ఎంతో అంకెల్లో చూడాలి. డబ్ల్యూడీఎం-2 బరువు సుమారు 113 టన్నులు, కదిలేటప్పుడు లాగే బలం సుమారు 30 టన్నులు. తన బరువులో 27 శాతం. డబ్ల్యూడీజీ-4 బరువు 126 టన్నులు, లాగే బలం సుమారు 53 టన్నులు. తన బరువులో 42 శాతం. ఇంజన్ 4,000 హార్స్‌పవర్‌కు పెరిగింది నిజమే. కానీ కదిలే క్షణంలో హార్స్‌పవర్‌కు పెద్ద పని ఉండదు. ఆ అదనపు పట్టు ప్రధానంగా ట్రాన్స్‌మిషన్ ఇచ్చింది.

లాల్‌ఖదాన్ సిగ్నల్ దగ్గర ఆగిన రైలుకు దీన్ని అన్వయించి చూడొచ్చు. 58 వ్యాగన్ల నిండా బొగ్గు ఉంటే రైలు దాదాపు 4,700 టన్నులు. ఆగిన రైలును సమతలం మీద కదిలించడానికి టన్నుకు సుమారు 4 కిలోల బలం కావాలని లెక్కిస్తారు. అంటే 19 టన్నులు. అదే 200 మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు మీద ఆగితే, టన్నుకు ఇంకో 5 కిలోలు కలుస్తాయి. మొత్తం 42 టన్నులకు పైగా. పాత డబ్ల్యూడీఎం-2 ఒక్కటి ఆ రైలును కదిలించలేదు, రెండోది జత కావాలి. డబ్ల్యూడీజీ-4 ఒక్కటే కదిలిస్తుంది.

ఇప్పుడు ఈ మార్గమంతా కరెంటు తీగల కిందే నడుస్తోంది. విద్యుత్ ఇంజన్‌లో డీజిల్ భాగం ఉండదు, మిగిలిన కథ అంతా అదే ఇన్వర్టర్, అదే మూడు ఫేజుల మోటారు. 2022 ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే సూపర్ వాసుకి పేరుతో ఆరు ఇంజన్లు, 295 వ్యాగన్లు, 27,000 టన్నుల బొగ్గుతో మూడున్నర కిలోమీటర్ల పొడవైన రైలును కోర్బా నుంచి రాజ్‌నాంద్‌గావ్‌కు నడిపింది.

పికప్‌లో ఏది ముందు మార్చాలి?

పికప్‌లో ఇన్వర్టర్ పెట్టలేం. కానీ రైల్వే నేర్చిన క్రమం పనికొస్తుంది: జారుడు తగ్గించు, పుట్టిన వేడిని త్వరగా బయటికి పంపు, పట్టు పెంచు.

ఆటోమేటిక్ డీజిల్ పికప్‌లు మన దగ్గర ఇంకా తక్కువే. మార్కెట్లకు కూరగాయలు మోసే చిన్న పికప్‌లన్నీ దాదాపు చేతి గేర్లవే. ఇసుజు వీ-క్రాస్ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారవుతోంది. 2016లో ఆ కర్మాగారం మొదలైంది. 1.9 లీటర్ల డీజిల్ ఇంజన్, 360 న్యూటన్-మీటర్ల టార్క్, ఆరు గేర్ల ఆటోమేటిక్. 2022లో వచ్చిన టయోటా హైలక్స్‌లో ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. ఒకే 2.8 లీటర్ల ఇంజన్‌ను చేతి గేర్లతో కొంటే 420 న్యూటన్-మీటర్లు, ఆటోమేటిక్‌తో కొంటే 500. గేర్‌బాక్స్ ఎంత తట్టుకుంటుందో అంతవరకే ఇంజన్‌కు పగ్గం వదలడం వాహన పరిశ్రమలో మామూలే. ఈ సంగతి మరిచి, ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించి టార్క్ పెంచేసి, గేర్‌బాక్స్‌ను అలాగే వదిలేసేవారు ఉన్నారు. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది. బిల్లు మాత్రం కొన్ని నెలల తర్వాత వస్తుంది.

మొదట పెట్టవలసింది నూనె ఉష్ణోగ్రత గేజ్. చాలా బళ్లలో డ్యాష్‌బోర్డు మీద కనిపించేది ఇంజన్ నీళ్ల ఉష్ణోగ్రత మాత్రమే. అది మామూలుగా ఉన్నా గేర్‌బాక్స్ నూనె 120 దాటి ఉండొచ్చు. వేడి ఎంతో తెలియకుండా మిగతా ఖర్చులన్నీ చీకట్లో చేసినవే.

తర్వాత కూలర్. చాలా బళ్లలో గేర్‌బాక్స్ నూనెను రేడియేటర్ నీళ్లతోనే చల్లారుస్తారు. ఆ నీళ్లే 90 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి నూనె అంతకన్నా చల్లబడదు. దాని వరుసలోనే, గాలితో చల్లబడే మరో కూలర్ చేర్చడం అన్నిటికన్నా లాభసాటి మార్పు. అలాగని మరీ పెద్దది పెట్టి చలికాలంలో నూనె 60 డిగ్రీలు కూడా దాటకుండా చేయడం మంచిది కాదు. చిక్కని నూనె సన్నని దారుల్లో సరిగా పారదు, లోపలి తేమ ఆవిరై పోదు. థర్మోస్టాట్ ఉన్న కూలర్ ఈ ఇబ్బంది రానివ్వదు.

మూడోది కన్వర్టర్. బరువు లాగడానికి కావలసిన కన్వర్టర్ తక్కువ జారాలి, త్వరగా లాక్ కావాలి. కంపెనీ ఇచ్చే లాక్-అప్ క్లచ్‌లో తరచూ ఒకే రాపిడి పలక ఉంటుంది. భారం పెరిగితే అది జారుతుంది, లేదా జారకుండా కంప్యూటరే దాన్ని విడిపించేస్తుంది. విడిపోతే మళ్లీ నూనె దారి, మళ్లీ ఆ ఐదున్నర కిలోవాట్లు. రెండు మూడు పలకలున్న లాక్-అప్ క్లచ్ వేస్తే రెండో గేరులోనూ, ఎత్తు మీదా బిగిసే ఉంటుంది. అమెరికా పికప్‌లలో కనిపించే టో-హాల్ బటన్ చేసేది సాఫ్ట్‌వేర్‌తో ఇలాంటి పనే: గేర్లు ఊరికే పైకీ కిందికీ మారకుండా పట్టి ఉంచడం, లాక్-అప్‌ను వీలైనంత ముందే బిగించడం. అది ఉన్న బండిలో బరువు తగిలించగానే నొక్కడమే తెలివి. లేని బండిలో మాన్యువల్ మోడ్‌లో తక్కువ గేరు పట్టి ఉంచాలి.

గేర్ల లోపలి క్లచ్‌ల సంగతి కొంచెం సున్నితం. ఆటోమేటిక్‌లో ప్రతి గేరుకూ నూనెలో మునిగి ఉండే ప్లేట్ల దొంతరలు ఉంటాయి. ఒక దొంతర ఎంత టార్క్ పట్టగలదో నాలుగు సంగతులు నిర్ణయిస్తాయి: రాపిడి ప్లేట్ల సంఖ్య, వాటిని నొక్కే బలం, ఘర్షణ గుణకం, ప్లేటు వ్యాసార్ధం. గేర్‌బాక్స్ డొల్ల మారదు కాబట్టి వ్యాసార్ధం మారదు. నాలుగు ప్లేట్ల చోట ఐదు పెడితే పట్టు 25 శాతం పెరుగుతుంది. కానీ అదే జాగాలో ఐదోది ఇరకాలంటే మధ్యనున్న ఉక్కు పలకలను పలుచన చేయాలి. వేడిని తాత్కాలికంగా పీల్చుకునేవి ఆ ఉక్కు పలకలే. అవి పలుచనైతే ఒక్క గేరు మార్పిడిలోనే ఎక్కువ వేడెక్కుతాయి. ప్లేట్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మేలని ప్రకటించే కిట్లను ఈ కారణంగా కాస్త అనుమానంతో చూడాలి.

నొక్కే బలం పెంచాలంటే నూనె పీడనం పెంచాలి. వాల్వ్ బాడీలో స్ప్రింగులు, వాల్వులు మార్చి ఈ పని చేస్తారు. గేరు త్వరగా, గట్టిగా పడుతుంది. జారే సమయం తగ్గుతుంది కాబట్టి వేడీ తగ్గుతుంది. బదులుగా గేరు పడినప్పుడల్లా కుదుపు, పంపు మీద అదనపు భారం, పాత సీళ్లకు పరీక్ష. మితంగా పెంచితే లాభం, మితిమీరితే షాఫ్టు మీద దెబ్బ. అందుకే భారీ టార్క్ కోసం చేసే మార్పుల్లో ఇన్‌పుట్ షాఫ్టును కూడా మేలైన ఉక్కుతో మారుస్తారు. మన దేశంలో పనికి వాడే పికప్‌కు అంతవరకు వెళ్లవలసిన అవసరం అరుదు.

గేర్‌బాక్స్ మారినంత మాత్రాన మారనివి ఉన్నాయి. బ్రేకులు, టైర్లు, ఛాసిస్, ట్రెయిలర్ తగిలించే కొక్కెం. కంపెనీ చెప్పిన లాగుడు బరువు వీటన్నిటికీ కలిపి చెప్పిన హద్దు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కూలర్, గేజ్ లాంటివి వేరు. ఇంజన్ మార్పులు, మొత్తం బరువు హద్దు పెంచడం వేరు. వారంటీ, బీమా కాగితాలు కూడా ముందే చదువుకోవాలి.

దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. పల్లంలో బరువు బండిని ముందుకు తోస్తుంది. లాక్-అప్ బిగిసి, తక్కువ గేరులో ఉంటేనే ఇంజన్ ఆ తోపును ఆపుతుంది. కన్వర్టర్ విడిపోయి ఉంటే ఆ పట్టు సగానికి సగం పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పొడవైన దిగుడు మొదలుకాక ముందే గేరు తగ్గించుకోవాలి.

ఎత్తు ఎక్కి ఆగిన వెంటనే ఇంజన్ ఆపడం కూడా సరికాదు. ఇంజన్ ఆగితే నూనె పంపు ఆగుతుంది, కన్వర్టర్‌లోని వేడి నూనె అక్కడే నిలిచి కాగుతుంది. పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో పెట్టి రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడవనివ్వాలి. డ్రైవ్‌లో ఉంచి బ్రేకు తొక్కి పట్టుకుంటే లాభం లేదు, అప్పుడు కన్వర్టర్ ఇంకా వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో గేజ్ ముల్లు కిందికి దిగుతుంటే కూలర్ సరిపోతోందని. కదలకుండా నిలబడితే, వచ్చే సర్వీసులో డిప్‌స్టిక్ బయటికి తీయించి చూడాలి. డిప్‌స్టిక్ లేని బండికి మెకానిక్ అడుగు నుంచి కొద్దిగా నూనె తీసి చూపిస్తాడు. ఎర్రగా, తేటగా ఉంటే సరే. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తే, ఆ బండి మళ్లీ ట్రెయిలర్ తగిలించుకునే ముందే నూనె మార్చి, కూలర్ పెట్టించాలి.